వేసవి సెలవులు – బొగ్గుసీమ బాలలు

బడికి సెలవు లిచ్చిన మరునాటి నుండి ప్రతి గృహమునందును ఒకే ప్రశ్న వినవచ్చును: "ఈ పిల్లలతో నేమి చేయుదుము?" ఏప్రిల్ చివరి వారము మొదలు జూన్ రెండవ వారము వరకు, సుమారు ఏడు వారములు, పిల్లలు ఇంటిపట్టున నుందురు. మంచిర్యాల సీమలో ఆ ఏడు వారములును సంవత్సరములోకెల్ల కఠినమైనవి. ఎండ 45 డిగ్రీలను ముట్టుట ఇచ్చట వింత కాదు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి పగలు నిద్రింపవలెను. క్వార్టరులో నున్నవి రెండే గదులు. బయట వడగాలి. ఇట్టి యింటిలో ఎనిమిదేండ్ల పిల్లవాడు "నాకేమియు తోచుట లేదు" అని అమ్మ కొంగు పట్టుకొని తిరుగుట సహజమే.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు ఒక సంగతి గ్రహింపవలెను. బాలునికి తీరిక యుండుట దానంతట అది వచ్చినది కాదు. దానికొక చరిత్ర కలదు. ఆ తీరికను చక్కగా వినియోగపరచిన పెద్దలకును ఒక చరిత్ర కలదు. ఆ రెండు కథలను కలిపి చదివినచో మన బొగ్గుసీమ పిల్లల వేసవికి పనికివచ్చు పాఠమొకటి దొరకును.

మన పూర్వపు వీధిబడులలో సెలవులు చంద్రుని ననుసరించి వచ్చుచుండెను. అమావాస్య, పూర్ణిమ, వాని వెంబడి వచ్చు పాడ్యములు అనధ్యయన దినములు. పండుగలకు బడి మూసెడివారు. దసరా నాళ్లలో అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికి తిరుగగా, పిల్లలు పాటలు పాడి పప్పుబెల్లములు పుచ్చుకొనెడివారు. ఎడతెగక నెలన్నర సాగెడి వేసవి సెలవు, తరగతులతోను వార్షిక పరీక్షలతోను నడచు క్రొత్త బడులతోపాటు మన కలవాటైనది.

సెలవు అను పేరు లేకున్నను వేసవి మాత్రము నాడును ఉండెను. తాటిముంజలు, మామిడికాయలు, అమ్మమ్మగారి యూరు, చెరువుగట్టున మఱ్ఱినీడ నాటి పిల్లల సొత్తు. ఆటకును పనికిని నడుమ నాడు గట్టి గోడ లేదు. పశువులను తోలుకొని పోయిన పిల్లవాడు అక్కడనే చిర్రగోనె ఆడెను. ఇప్పపూలేరుటకు తల్లి వెంట పోయిన పిల్ల దారిలో ఏ చెట్టు పేరేమో, ఏ పిట్ట కూత యెట్టిదో తెలిసికొనెను. ఇదంతయు స్వర్గమని చెప్పుటకు వీలులేదు. అక్షరము చాలమందికి అందలేదు, పని భారము లేతభుజములపై పడినది. అయినను చూచి, చేసి నేర్చుకొను నేర్పు ఆ బ్రతుకులో నుండెను.

అట్టి పల్లెల నడుమకు బొగ్గు వచ్చినది. 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీకి త్రవ్వకపు హక్కులు దక్కెను. 1920లో ఆ సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీ యయ్యెను. 1945లో నిజాము ప్రభుత్వము అధిక వాటాలను కొని దానిని తన వశము చేసికొనెను. కాజీపేట నుండి బల్లార్షాకు పోవు రైలుమార్గము 1929లో పూర్తియయ్యెను. ఆ దారి పొడవున మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి పెరిగినవి. గోదావరికి దక్షిణపు గట్టున 1960 దశకమున గోదావరిఖని వెలసెను. పల్లెను విడిచి "బాయి పని"కి వచ్చిన కుటుంబములతో వాడలు నిండినవి. గని యనుటకు ఇచ్చటి జనులు బాయి యందురు. మోటబావిని ఎరిగిన రైతు ఈ లోతైన గుంతకును ఆ పేరే పెట్టుకొనెను.

గని యున్నచోట బాలుని గతి యెట్లుండెనో లోకచరిత్ర చెప్పును. ఇంగ్లండులో 1838 జూలై 4న హస్కర్ అను బొగ్గుగనిలోనికి వాననీరు జొరబడి 26 మంది బాలబాలికలు మరణించిరి. ఆ దుర్ఘటన తరువాత జరిగిన విచారణల ఫలితముగ 1842లో స్త్రీలను, పదేండ్లలోపు బాలురను భూమిలోపలి పనికి పంపరాదని చట్టము వచ్చెను. మన దేశమునను తొలినాళ్లలో జరియా, రాణీగంజ్ ప్రాంతములందు కుటుంబములకు కుటుంబములే గనిలోనికి దిగుచుండెను. బ్రిటిషు ఇండియాలో 1923 నాటి గనుల చట్టము 13 ఏండ్లలోపు పిల్లలను పనికి పెట్టుకొనరాదనెను; 1935లో ఆ పరిమితి 15 ఏండ్లకు పెరిగెను. నిజాము రాజ్యము వేరు గనుక ఆ శాసనములు ఇచ్చట నేరుగ వర్తింపలేదు. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 24వ అధికరణమున 14 ఏండ్లలోపు బాలుని కర్మాగారమునగాని గనియందుగాని నియమింపరాదని శాసించెను. 1952 గనుల చట్టము 15 ఏండ్లని, 1983 సవరణ 18 ఏండ్లని నిర్ణయించెను. శిక్షణ పొందువారికి మాత్రము 16 ఏండ్లు. తుదకు 2009లో ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య బాలుని హక్కయ్యెను.

ఈ సంఖ్యలు పొడిగా తోచవచ్చును. కాని నేడు మందమర్రిలో పదేండ్ల బాలిక మిట్టమధ్యాహ్నము నీడపట్టున కూర్చుండి బొమ్మ గీచుకొనుచున్నదన్నచో, ఆ నీడను సంపాదించుటకు నూటయెనుబది యేండ్లకు పైబడిన ప్రయత్నము జరిగినది. అంత వ్యయముతో దొరికిన తీరికను మరల మరియొక బడిగా మార్చుట తగదు; దినమంతయు చేతిలోని ఫోనునకు అప్పగించుటయు తగదు. మరి దానినేమి చేయవలెను?

ఈ ప్రశ్నను మన దేశమున మొట్టమొదట గట్టిగా అడిగినవారిలో గుజరాతు దేశీయుడు గిజుభాయి బధేకా ఒకరు. న్యాయవాద వృత్తిని విడిచి ఆయన 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. ఆయన రచించిన "దివాస్వప్నము"లో ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతి పిల్లలకు పాఠముతో గాక కథతో చదువు మొదలుపెట్టును. అల్లరి చేయు తరగతిని కథ కూర్చుండబెట్టును. ఆటలు, నాటకములు, చుట్టుపట్ల తిరిగి చూచుట మిగిలిన పనిని చేయును. బెత్తము అక్కరకు రాదు.

ఇటలీ విదుషి మేరియా మాంటిస్సోరి 1939లో దివ్యజ్ఞాన సమాజము వారి ఆహ్వానముపై మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించెను. ఇంతలో ఇటలీ యుద్ధమున దిగుటచే ఆమె స్వదేశమునకు మరలిపోజాలక, కొన్నేండ్లు ఈ దేశముననే నిలిచిపోయెను. అందు కొంతకాలము కొడైకెనాలు కొండలలో గడిచెను. అక్కడ ఆమె పిల్లలకు చెట్టుచేమలను, రాళ్లను, జీవులను చూపి, వాని యన్నిటికి గల సంబంధమును వారే కనుగొనునట్లు చేసెను. చేతికి పని దొరికిన పిల్లవాని మనస్సు దానంతట అదే నిలుచునని ఆమె సిద్ధాంతము. యుద్ధము మన కిచ్చిన అరుదైన మేలు ఇది.

ఈ ఇరువురి ఆలోచనలు బడులకు పరిమితమైనవి. వానిని పోలిన భావమును తెలుగువారి నట్టింటికి చేర్చినది రేడియో. లండనులో 1922లో ఆరంభమైన బాలల ప్రసారములలో మాటలాడువారిని తొలినాళ్లలో "అంకుల్", "ఆంటీ" అని పిలుచుచుండిరి. మద్రాసులో ఆకాశవాణి కేంద్రము 1938లో వెలసెను. ఆ కేంద్రము నుండి తెలుగు పిల్లలతో మాటలాడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మామయ్య, అత్తయ్య కాలేదు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిరి. ఈ చిన్న భేదములో పెద్ద అర్థమున్నది. మామయ్య ముందు పిల్లవాడు చేతులు కట్టుకొనును. అన్నయ్యతో పోట్లాడును, ఆడుకొనును, "నేనును చెప్పెదను" అనును.

వారు అంతటితో ఆగలేదు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. రేడియోలో వినుట ఒక యెత్తు, వాడలో పదిమంది పిల్లలు కూడి తామే పాటలు నేర్చి, నాటికలు ఆడి, కథలు చెప్పుట మరియొక యెత్తు. 1945లో "బాల" అను మాసపత్రికను నెలకొల్పిరి. ఆ పత్రికలో పిల్లలు చదువరులు మాత్రమే కారు. వ్రాయువారును, బొమ్మలు వేయువారును వారే. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ అందే అచ్చయ్యెను. బాపు తొలినాటి బొమ్మలకును ఆ పత్రికయే చోటిచ్చెను. అప్పటికి ఒకరికి పదునాలుగేండ్లు, మరియొకరికి పండ్రెండైనను నిండలేదు. ఒక పసివాని గీతను ఎవరో ఆదరముతో అచ్చువేయుట తెలుగు సాహిత్యమునకు, చిత్రకళకు ఎంతటి లాభమైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

1956లో అన్నయ్య, అక్కయ్యలు హైదరాబాదు వచ్చి ఈ సేవను కొనసాగించిరి. ఢిల్లీలో బాలభవనము వెలసినదియు ఆ సంవత్సరముననే. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో జవహర్ బాలభవనము 1966లో వచ్చెను. సంగీతము, చిత్రలేఖనము, నృత్యము, చేతిపనులు బాలురకు తక్కువ ఖర్చుతో అందుబాటు లోనికి వచ్చినవి. అక్కయ్య 1980లోను, అన్నయ్య 1984లోను కాలధర్మము నొందిరి. ఆదిలాబాదులో ఆకాశవాణి కేంద్రము నెలకొన్నది ఆ తరువాత, 1986లో.

ఈ చరిత్రలో మనకు కనిపించు సారమేమి? గిజుభాయి కథ చెప్పినను, మాంటిస్సోరి ఆకును చేతికిచ్చినను, అన్నయ్య మైకును ముందుంచినను చేసిన పని యొక్కటే. పిల్లవానిని వినువానిగా విడిచిపెట్టక చేయువానిని చేసిరి. ఒంటరిగా విడువక పదిమందితో కలిపిరి. దీనికి పెద్ద ధనము పట్టదు. కాని పెద్దవారి శ్రద్ధ పట్టును, కొంచెము ముందుచూపు పట్టును.

ఇక మన సీమకు వత్తము. సింగరేణి సంస్థ ఆధ్వర్యమున వేసవిలో ఆటల శిక్షణ శిబిరములు జరుగుట కలదు; అవి దొరికినవారు తప్పక పంపవలెను. అయితే వానికి పోవువారు సామాన్యముగ కొంత యెదిగిన పిల్లలు. ఐదేండ్ల నుండి పదేండ్ల వరకు గల చిన్నవారికి శిబిరము ఇల్లును వాడయునే. ఒక వరుసలోని నాలుగైదు కుటుంబములు కూడి, వారమున కొక దినము చొప్పున ఒక్కొక్క తల్లి గాని, అక్క గాని, తాత గాని పిల్లలను చేరదీసినచో అదే బాలానంద సంఘము. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి యున్న యింట నాడు కూడిక పెట్టకుండుట, నిద్రకు భంగము కలుగకుండుట మొదలే నిర్ణయించుకొనవచ్చును.

దినమును మూడు భాగములు చేయవలెను. దానిని ఎండయే మనకు చేసిపెట్టుచున్నది. ఉదయము ఎనిమిది గంటలలోపు బయటి పని. ఆకులేరుట, పిట్టలను చూచుట, మొక్కకు నీరు పోయుట అప్పుడే కావలెను. మోదుగ ఆకుతో విస్తరి కుట్టుట అవ్వల వద్ద నేర్వదగిన విద్య. తునికి, మొర్రి పండ్లు అంగడికి వచ్చు ఋతువిదే; ఏ పండు ఏ అడవిచెట్టుదో అడిగి వ్రాసికొనుట పిల్లలకు చక్కని పాఠము. పిట్టలకు మట్టిమూకుడులో నీరుంచుట, వాకిట చిన్న చలివేంద్రము నడిపి దారినపోవు వారికి కుండనీళ్లిచ్చుట వలన లెక్కయు, మర్యాదయు, దయయు ఒక్కసారి అలవడును.

పదునొకండు గంటల నుండి నాలుగు గంటల వరకు గడప దాటరాదు. అది ఇంటి ఆటల వేళ. వామనగుంటల పీటకు రెండు వరుసలలో పదునాలుగు గుంటలు. చింతగింజలు పంచుచు పోవు పిల్ల, తెలియకయే కూడికయు భాగహారమును చేయుచుండును. అష్టాచెమ్మాకు ఇరువదియైదు గడులు, నాలుగు గవ్వలు చాలును. పులిజూదములో మూడు పులులను పదునైదు మేకలు కట్టివేయవలెను. బలహీనులు కలిసి నిలిచినచో బలవంతుని దారి మూయవచ్చునని అది బోధించును. నేలపై సుద్దముక్కతో గీచుకొన్నను ఈ పటములు చాలును. గొంతెత్తకుండ ఆడుకొనదగినవి గనుక నిద్రించు తండ్రికి బాధ లేదు. నాటిక ఆడదలచిన పిల్లలకు రేడియో నాటిక అనుకూలము: వేషములు వలదు, తెరలు వలదు. నీళ్ల చెంబు గోదావరి యగును, గంటె చప్పుడు రైలగును. మాటయే అన్నియు చేయవలెను గనుక పలుకు స్పష్టమగును.

మూడవ భాగము సాయంకాలము. పరుగులాటలన్నియు అప్పుడు. చీకటి పడిన పిమ్మట డాబాపై గాని ఆరుబయట గాని పడుకొన్న పిల్లలకు నక్షత్రములను చూపవచ్చును. మే మాసపు తొలిరాత్రి ఉత్తరమున సప్తర్షులు, నడినెత్తి చెంత స్వాతి, దానికి దక్షిణముగ చిత్త కనిపించును. దీపముల వెలుగు తక్కువగా నున్న చోటు చూచుకొనవలెను.

బొగ్గుసీమ బాలునికి లోకమున మరెవరికి లేని పాఠ్యగ్రంథమొకటి కలదు: అతని కాలి క్రింది నేల. ఈ బొగ్గు ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పూర్వపు అడవి. ఆ నాటి ఆకుల ముద్రలు బొగ్గు పొరల నడుమనున్న పలకరాళ్లలో నేటికిని దొరకుచుండును. ఆ కాలపు శిలలకు ప్రపంచ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. అది గోండుల దేశము పేరు, అనగా ఈ అడవులలో నివసించు మన పొరుగువారి పేరు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ప్రాణహిత లోయ యందలి యామనపల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి ఎముకలకు శాస్త్రజ్ఞుడు యాదగిరి 1988లో "కోటాసారస్ యామనపల్లియెన్సిస్" అని నామకరణము చేసెను. దాని పొడవు సుమారు ముప్పది అడుగులు. అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో చూడవచ్చును. వీధిలో ముప్పది అడుగులు కొలిచి సుద్దతో ఆ బొమ్మ గీచిన పిల్లలు ఆ పాఠమును మరువగలరా?

రెండవ గ్రంథము ఇంటిలోని తాత. ఏ యూరి నుండి వచ్చితివి? ఎందులకు వచ్చితివి? మొదటి దినము బాయి దిగినపుడు చేతనేమి యుండెను? దీపమెట్టిది? మొదటి జీతముతో నేమి కొంటివి? అవ్వను అడుగవలసినవి వేరు: ఈ వాడకు నీరెట్లు వచ్చెను? తొలి బడి యెక్కడ నడిచెను? ఒక నోటుపుస్తకములో పిల్లలు ఈ సమాధానములను తమ మాటలలో వ్రాసి, బొమ్మలు వేసినచో వేసవి ముగియునప్పటికి ఒక వాడ చరిత్ర సిద్ధమగును. భూగర్భ గనుల తరము తగ్గి ఓపెన్‌కాస్టు గనుల తరము వచ్చినది. ఆ పాత బ్రతుకు జ్ఞాపకములను చేర్చి పెట్టుటకు మిగిలిన కాలము తక్కువ.

ఇచ్చట ఒక హెచ్చరిక అత్యవసరము. ఏమియు తోచని పిల్లలు నీటివైపు పోవుదురు. మంచిర్యాల చెంత గోదావరిపై ఎల్లంపల్లి జలాశయము కలదు. నదిలో నీటి మట్టమెప్పుడు మారునో రేవులోని పిల్లవానికి తెలియదు. త్రవ్వి విడిచిన గుంతలలో నిలిచిన నీటి లోతును పైనుండి ఎవరును చెప్పజాలరు. పెద్దవారు తోడు లేక పిల్లలు నీటిలో దిగరాదను నియమము మొదటి దినముననే చెప్పవలెను. కూడికలో ప్రతిదినము తలలు లెక్కించుట అలవాటుగ పెట్టుకొనవలెను. వేసవి పనుల ఏర్పాటు వినోదము కొరకే కాదు, ప్రాణరక్షణకు కూడను.

మరియొక మాట. వేసవి అందరికి సెలవు కాదు. మే మాసమున తునికాకు సేకరణకు అడవి చెంతనున్న కుటుంబములు తెల్లవారకముందే బయలుదేరును. పిల్లలును వెంట నడచి, ఇంటికి వచ్చి కట్టలు కట్టుదురు. పట్టణపు వాడలోను తమ్ముని ఎత్తుకొని తిరుగు అక్క కలదు. ఆమె ఆటకు పోవలెనన్న ఆ తమ్ముడును పోవలెను. సంఘమన్నపుడు వీరును చేరవలెను. చంటివానికి ఒక చాప పరచి చోటిచ్చినచో ఆ అక్క నాటికలో రాణి కాగలదు. ఆకు కట్ట కట్టు పిల్లవానికి ఏ చెట్టేదో తెలియును. ఉదయపు నడకలో అతడే గురువు. చట్టము పనిని నిషేధింపగలదు గాని ఆటను ఇవ్వలేదు. ఆటను ఇవ్వవలసినవారు ఇరుగుపొరుగు పెద్దలే.

కార్యక్రమము వేయునపుడు అతిగా వేయరాదు. గంట గంటకు పని నిర్ణయించినచో అది సెలవు కాదు. దినమునకు ఒక పని, వారమునకు ఒక కూడిక, వేసవి చివర వాడవారి ముందు ఒక చిన్న ప్రదర్శన చాలును: ఒక నాటిక, నాలుగు బొమ్మలు, తాతల నోటుపుస్తకము. నడుమ పిల్లవాడు ఊరక కూర్చుండి చీమల బారును చూచుచున్నచో పిలువవలదు. అదియు పనియే.

జూన్ మాసమున తొలకరి చినుకులతో బడి గంట మ్రోగును. ఆ నాడు ఉపాధ్యాయుడు "సెలవులలో నేమి చేసితివి?" అని అడుగును. బొగ్గుబాయి కార్మికుని మనుమరాలు లేచి తాత మొదటి జీతముతో ఏమి కొన్నాడో చెప్పగలిగినచో, ఆ వేసవి సార్థకమైనట్లే.